గుంటూరు వైద్య పరీక్షల్లో గుండె కేసు

గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. అంతకుముందు కోస్తా జిల్లాల పిల్లలు డాక్టరీ చదవాలంటే విశాఖపట్నానికో మద్రాసుకో పోవలసి వచ్చేది. ఊళ్లో ఆసుపత్రులు మాత్రం అంతకన్నా పాతవి. లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు చేరి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. కళాశాల వచ్చాక ప్రభుత్వ పెద్దాసుపత్రి వార్డే తరగతి గది అయింది, ఫైనలియర్‌లో పరీక్ష హాలూ అదే అయింది.

గుండె, రక్తనాళాల జబ్బుల్లో ఏది చదవాలో పుస్తకాలకంటే ఆ వార్డే ఎక్కువగా నిర్ణయించింది. పరీక్షకు అలవాటైన లాంగ్ కేస్ మైట్రల్ స్టెనోసిస్. చిన్నతనంలో గొంతునొప్పి వస్తుంది, కొన్నాళ్లకు కీళ్లవాతజ్వరం వచ్చి తగ్గిపోతుంది, ఆ తరువాత గుండె ఎడమవైపు కవాటం మెల్లగా ముడుచుకుపోతుంది. ఇరుకిళ్లలో పదిమంది కలిసి పడుకునే చోట, పెన్సిలిన్ అందని చోట ఇది పాతుకుపోయే జబ్బు. జ్వరం వచ్చిన దాదాపు ఇరవై ఏళ్లకు గాని కవాటం బాగా ఇరుకవదని పాశ్చాత్య గ్రంథాలు చెప్పేవి. మన దేశంలో రోగికి ఇరవై ఏళ్ల వయసు నిండకముందే అది తీవ్రమవుతోందని 1963లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం చూపింది. దాన్ని రాసినవారిలో శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో చదివిన ఉలిమిరి రామలింగస్వామి ఒకరు. తెల్లవారి చెంపల మీద కనిపించే ఎరుపును ఈ జబ్బు గుర్తుగా ఆ గ్రంథాలు వర్ణిస్తాయి. పల్నాటి ఎండలో పనిచేసిన ఆడమనిషి ముఖంలో దాన్ని వెతికి లాభం లేదు.

పరీక్షలో విద్యార్థికి ఒక రోగినీ, గంటకు అటూఇటూగా సమయాన్నీ ఇస్తారు. ఆయాసాన్ని నాలుగు తరగతులుగా విభజించే న్యూయార్క్ పద్ధతి 1928 నాటిది. దాన్ని ఇక్కడి పనులకు అన్వయించుకోవాలి: మిరపకోతకు పోతే ఆయాసమా, బిందె ఎత్తితేనా, పడుకున్నా వస్తుందా? ఆ తరువాత నాడి, మెడ సిర, ఛాతీ మీద అరచేయి. చివరగా రోగిని ఎడమపక్కకు తిప్పి, ఊపిరి వదిలి ఆగమని చెప్పి, స్టెతస్కోపు గంటను చర్మానికి ఒత్తిపెట్టకుండా తేలిగ్గా ఆనించాలి. గట్టిగా నొక్కితే ఇరుకైన కవాటం చేసే దూరపు ఉరుములాంటి మర్మర్ చప్పుడు వినపడకుండా పోతుంది. మొదటి శబ్దం గట్టిగా ఉందా, రెండోదాని వెంట టక్కుమనే చప్పుడు ఉందా అని బయటి కళాశాల నుంచి వచ్చిన ఎగ్జామినరు అడుగుతాడు. ఎకో యంత్రాలు లేని దశాబ్దాల్లో ఇది మార్కుల కోసం నేర్చిన విద్య మాత్రమే కాదు. కవాటాన్ని వెడల్పు చేయడానికి రోగిని వెల్లూరు పంపాలా వద్దా అని తేల్చడంలో చెవికి పెద్ద పాత్ర ఉండేది.

రక్తనాళాల కేసు సర్జరీ వార్డులో దొరికేది. గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు 1920ల్లో అడుగుపెట్టింది, పొగాకు బోర్డు 1976లో గుంటూరులోనే ఏర్పడింది. రక్తనాళాల కేసుగా పరీక్షకు వచ్చే బర్జర్ వ్యాధికి పొగాకుతో విడదీయరాని సంబంధం ఉంది. లియో బర్జర్ 1908లో వివరించిన ఈ జబ్బు ఎక్కువగా నలభై ఐదేళ్లలోపు పొగతాగే మగవాళ్లకు వస్తుంది. నడిస్తే పిక్క పట్టేస్తుంది, తరువాత రాత్రిళ్లు కాలినొప్పితో నిద్ర ఉండదు, చివరికి వేలు నల్లబడుతుంది. విద్యార్థి పాదం పైభాగంలోనూ చీలమండ వెనకా నాడి వెతకాలి, కాలు ఎత్తించి పాలిపోవడం చూడాలి. ఏ మందూ ఆపలేని ఈ జబ్బును బీడీ మానడం ఒక్కటే ఆపగలదు. వైవాలో ఈ జవాబు మరిచిపోయినవారికి మిగతా జవాబులు పెద్దగా అక్కరకు రావు.

1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడటంతో రాష్ట్రమంతటి వైద్య పరీక్షలు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 2017 నుంచి పీజీ సీట్లకు ప్రధాన దారి నీట్. ఇప్పుడు గుండె అధ్యాయంలో విద్యార్థి ఎక్కువగా చూసేది ఈసీజీ గీతలు, బహుళైచ్ఛిక ప్రశ్నలు, మందుల మోతాదులు. గుంటూరు పెద్దాసుపత్రిలో 2015లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం ఓపెన్ హార్ట్ సర్జరీలు ప్రారంభించింది, మరుసటి ఏడాది అక్కడే గుండె మార్పిడీ జరిగింది.

ఈలోగా వార్డు మారింది. మధుమేహం, రక్తపోటు, గుండెపోటుతో వచ్చేవారు పెరిగారు, రాతపరీక్షలో పెద్ద ప్రశ్నలూ వాటి మీదే. ప్రాక్టికల్‌లో మాత్రం కవాటం జబ్బే ముందుంటుంది. గుండెపోటు నుంచి కోలుకున్న మనిషి ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే చాలాసార్లు చెప్పుకోదగినదేమీ వినిపించదు. విద్యార్థి చెవినీ చేతినీ పరీక్షించాలనుకున్న ఎగ్జామినరు ఇప్పటికీ మైట్రల్ కేసు ఉందా అని వార్డులో వాకబు చేస్తాడు.