రోగి మాటయే వైద్యునకు తొలి పాఠము

1849లో మన గురజాలకు హేయరు అను పరదేశ వైద్యుడు వచ్చెను. ఆయన పుట్టినది జర్మనీలో, స్థిరపడినది అమెరికాలో. 1842లో మతబోధకుడుగా గుంటూరు చేరి, కొన్నియేండ్లకు అమెరికాకు మరలి, యేబది దాటిన ప్రాయమున వైద్యము చదివి, 1847లో బాల్టిమోరునందు పట్టము పొంది మరల వచ్చెను.

పట్టమున్నను పల్నాటి రోగితో మాటలాడుట వేఱు విద్య. బ్రౌను దొర తెలుగు నిఘంటువు అచ్చుపడినది 1852లో. హేయరు వచ్చునాటికి అదియు లేదు. ఉన్నను, “కాళ్లు పీకుచున్నవి” అన్నచో, పీకుట యనగా పెఱుకుట యని తలచు వైద్యుడు ఏమి మందిచ్చును? మాట తప్పిన మందు తప్పును. మందు తప్పిన ప్రాణమునకే ముప్పు.

ఐరోపాలోని చెక్ దేశమున ఆంగ్లములో వైద్యము చదువు పరదేశ విద్యార్థులకు, రోగులతో మాటలాడుటకై చెక్ భాష నేర్పుదురు. మన దేశమునను 2019లో వైద్యవిద్యార్థుల ప్రారంభశిక్షణలో స్థానికభాష చేరినది.

అయినను బడిపాఠము సగమే; తక్కిన సగము మీచేతనున్నది. దూరప్రాంతపు వైద్యుని తెలుగు తడబడినపుడు నవ్వకుడు. నొప్పి యెక్కడ, ఎట్టిది, ఎన్నాళ్లనుండి యని నిదానముగా చెప్పుడు. ఆయనకు భాష వచ్చును. మీకు తగిన మందు దొరకును.