పంక్చరు పని

1967లో నాగార్జునసాగరము ఎడమకాలువకు నీరు విడువబడిన పిమ్మట వేములపల్లి, మిర్యాలగూడ ప్రాంతములయందు వరిసాగు విస్తరిల్లి, ధాన్యమును మిల్లులకు చేర్చు లారీలు పెరుగగా, నార్కెట్‌పల్లి–అద్దంకి మార్గమునందును, సూర్యాపేట, కోదాడల మీదుగా బెజవాడకేగు రాజమార్గమునందును పంక్చరు దుకాణములు వర్ధిల్లినవి. వానిలో కొన్నింటిని కేరళమునుండి వలసవచ్చినవారు నడిపిరి.

1888లో డన్లప్ గాలి టైరును రూపొందించిననాటినుండియు ముల్లును మేకును దానిని వెన్నాడుచునే యున్నవి. ట్యూబుల కాలమున పనివాడు లివర్లతో టైరును ఊడదీసి, ట్యూబునకు గాలిపట్టి, నీళ్లతొట్టిలో ముంచి, బుడగలు లేచినచోట గురుతుపెట్టి, తడి తుడిచి, ఆకురాయితో గీకి, సొల్యూషను పూసి, అది ఆరువరకు వేచి, పిమ్మట అతుకు వేసెడివాడు. ఆ ఓపికయే యీ విద్యకు ప్రాణము. తొందరపడి వేసిన అతుకు పది మైళ్లు దాటకయే లేచిపోవును.

ట్యూబులేని టైరులు వచ్చిన పిదప, చక్రము విప్పకయే రంధ్రమున జిగురుదారము దూర్చుట పరిపాటియైనది. శీఘ్రమే కాని, లోపలి గాయమును చూడకుండుట నాకు సమ్మతము కాదు. నేలనంటు భాగమున 6 మిల్లీమీటర్లలోపు రంధ్రమైనచో టైరును విప్పి లోపలినుండి అతికించుట మేలు. ప్రక్కభాగము చీలినచో మాత్రము, పరుగున నిరంతరము వంగుచుండు ఆ చోట అతుకు నిలువదు గనుక, వెల యెంతయైనను కొత్త టైరు కొనవలసినదే.