హైదరాబాదు ఫుట్‌బాలు: ఉత్థానము, పతనము, పునర్నిర్మాణము

ఒక జట్టు పదేపదే ఓడిపోవుచున్నప్పుడు లోకము మైదానమునందలి పదునొకండుగురినే నిందించును. గోలు విడిచినవానిని, గురి తప్పినవానిని పేరుపెట్టి దూషించును. కాని ఆ ఓటమికి మూలము, జట్టును పోషింపవలసిన నగరమునందును, సంస్థలయందును ఏండ్లకు ముందే నెలకొనియుండునని హైదరాబాదు ఫుట్‌బాలు చరిత్రము విశదముగ చెప్పుచున్నది.

1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొని, 1950లోనే కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును సైతము కైవసము చేసికొనిన హైదరాబాదు నగర పోలీసు జట్టు, ధనబలముచే గాక శిక్షణబలముచే ఆ కీర్తి గడించెను. ఆ శిక్షణకు ప్రాణభూతులు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచే ఉపాధ్యాయులైన రహీం సాహెబుగారు 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, 1950 నుండి పోలీసు జట్టునకును, భారత జట్టునకును శిక్షకులైరి. ఒక కాలిపైననే ఆధారపడు ఆటగాని ఎత్తును ప్రత్యర్థి ఇట్టే పసిగట్టునని గ్రహించి, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనను నియమముతో ఆయన పోటీలు నిర్వహించిరి. బంతిని దూరముగ తన్ని దాని వెంట పరుగిడుటకు మారుగా, దగ్గరి పాసులతో ముందునకు నడిపించు విధానమును నేర్పిరి. పోలీసుశాఖ యిచ్చిన కొలువు పేదయింటి యువకులకు జీవనాధారమై, రేపటి కూటిచింత లేక ఆటయందే మనసు నిలుపుటకు వీలు కల్పించెను. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962లో జకార్తాయందు దక్షిణ కొరియాను 2-1తో జయించి పొందిన స్వర్ణము, ఇవన్నియు ఆయన నాయకత్వమున భారతదేశమునకు లభించినవే. హైదరాబాదు సైతము 1956-57, 1957-58 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీని వరుసగా గెలిచెను.

1963 జూన్‌లో రహీం సాహెబుగారు క్యాన్సరుతో కన్నుమూసిరి. అమ్ముగూడ బాలుడు తులసీదాస్ బలరాం అంతకుముందే ఈస్ట్ బెంగాల్ చేరియుండెను. పిమ్మట మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ వంటి మేటులును కలకత్తా దారి పట్టిరి. ఆటగాండ్రు వలసపోవుట కొత్త కాదు. పోయినవారి చోట నిలువదగిన కుర్రవాండ్రను తీర్చిదిద్దు గురువు లేకపోవుటయే కొత్త. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేర గెలిచిన సంతోష్ ట్రోఫీ తరువాత ఆ విజయము మరల మనకు దక్కలేదు.

అర్ధశతాబ్దికి పిదప, 2019లో, పుణే జట్టు స్థానమున హైదరాబాద్ ఎఫ్‌సీ వెలసి, గచ్చిబౌలి మైదానము నిలయముగ ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశించెను. తొలియేట 18 ఆటలలో రెండు మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచిన ఆ జట్టును, 2020లో వచ్చిన స్పెయిను శిక్షకులు మనోలో మార్కెజ్ యువకులను నమ్మి నిలబెట్టిరి. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి అది కప్పునందుకొనెను. కాని ఆయన తీర్చిన ఆకాశ్ మిశ్రా ఉత్తరప్రదేశ్ వాడు, లిస్టన్ కొలాసో గోవా వాడు, ఆశీష్ రాయ్ సిక్కిం వాడు, మహమ్మద్ యాసిర్ మణిపూర్ వాడు. నారుమడి లేని రైతు కొనితెచ్చిన నారు ఒక్క పంటకే సరిపడినట్లు, జీతములు నిలిచిపోగానే ఆటగాండ్రు తరలిపోయిరి. 2023-24లో ఆ జట్టు ఒక్క ఆటయే గెలిచి మరల అట్టడుగునకు జారెను. 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి వెడలిపోయెను. ద్వితీయశ్రేణి యగు ఐ-లీగులో హైదరాబాదు జట్టగు శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24 సంవత్సరములలో రెండవ స్థానము పొందుట ఒక్కటియే మిగిలిన ఊరట.

ఈ రెండు కాలములను సరిపోల్చిన, చేయవలసినదేమో స్పష్టమగుచున్నది. మార్కెజ్ మూడేండ్లలో సాధించినదానిని బట్టి ఓడుచున్న జట్టును ఒక మంచి శిక్షకుడు నిలబెట్టగలడని తెలిసినది. నిలబెట్టినదానిని నిలుపుకొనుటకు ఆయనయొక్కడు చాలడని తరువాతి యేడే తెలిసినది. కావున ప్రథమముగా, ఆటగాని వేతనము గెలుపోటములతో నిమిత్తము లేక నెలనెలా అందవలెను. పోలీసు కొలువు నాడు ఇచ్చినది ఆ నిశ్చింతయే. రెండవది, పదేండ్ల ప్రాయముననే బాలబాలికలను బళ్లలో ఎన్నుకొని, అందుకు అర్హులైన ఉపాధ్యాయులను నియమించి, ఉన్న మైదానములను భవనములకు బలిచేయక కాపాడవలెను. మూడవది, ఒక గురువు పోయినను విద్య పోకుండ, శిక్షకులకే శిక్షణ నిచ్చు పరంపరను నెలకొల్పవలెను; రహీం సాహెబుగారి వెనుక మనము చేయనిది ఇదియే. విదేశీ శిక్షకుని కొరకు, పేరుగన్న ఆటగాని కొరకు వెచ్చించు ధనములో కొంతభాగము ఈ పనికి వినియోగించినచో పదేండ్లకు ఫలము కనబడును. అంతవరకు ఓటములు తప్పవు. వానిని సహించి పని సాగించుటయే మన నగరము ఈ ఆటకు చెల్లింపవలసిన ఋణము.