గుండె మార్పిడి: స్త్రీ, పురుష భేదాలు

గుండె మార్పిడిలో దాత, గ్రహీత స్త్రీలా పురుషులా అన్నది జత కుదరడం నుంచి కోలుకోవడం దాకా ప్రభావం చూపుతుంది. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ చేసిన తొలి మార్పిడిలోనే ఓ యువతి గుండెను పురుషుడికి అమర్చారు. వయోజన గ్రహీతల్లో స్త్రీలు సుమారు నాలుగో వంతే. మగవారిలో రక్తనాళాలు పూడుకుపోయి గుండె దెబ్బతినడం ఎక్కువ. స్త్రీలలో గుండె కండరం బలహీనపడి సాగిపోయే జబ్బు ఎక్కువ. కాన్పు ముందూవెనకా వచ్చేదీ ఈ కోవలోదే.

అసలు చిక్కు పరిమాణంతో. 70 కిలోల స్త్రీ గుండె సాధారణంగా అదే బరువున్న పురుషుడి గుండె కంటే చిన్నది. ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరిగిన పురుషుడికి దాన్ని అమర్చితే కుడి జఠరిక ఆ భారం తట్టుకోలేకపోవచ్చు. అందుకే ఎత్తు, బరువు, వయసు, లింగం కలిపి గుండె ద్రవ్యరాశిని అంచనా వేసే పద్ధతి వచ్చింది. ఒంటి బరువునే నమ్ముకున్న రోజుల్లో, స్త్రీ గుండె పురుషుడికి పనికిరాదని పడ్డ అపవాదు చాలావరకు అన్యాయమే.

గర్భం దాల్చినప్పుడు, బిడ్డకు తండ్రి నుంచి వచ్చిన కణ లక్షణాలపై తల్లి రక్తంలో యాంటీబాడీలు తయారుకావచ్చు. ఏళ్ల తర్వాత అవే సరిపడే దాత దొరక్కుండా అడ్డుపడతాయి. మార్పిడి తర్వాత తిరస్కరణ బెడద స్త్రీలకు ఎక్కువ. కొత్త గుండె ధమనులు పూడుకుపోవడం, కేన్సర్లు మగవారికి ఎక్కువ. మొత్తమ్మీద ఆయుర్దాయంలో తేడా స్వల్పమే. బిడ్డను కనాలనుకునే గ్రహీత కనీసం ఏడాది ఆగాలి. తిరస్కరణను అడ్డుకునే మందు మైకోఫినోలేట్ పిండానికి హానికరం కాబట్టి, వైద్యులు దాన్ని ముందే మార్చేస్తారు.