కుర్చీకి వినతి, కాళ్లకు నిషేధం

వినాయక నిమజ్జనం ఊరేగింపుకి బందోబస్తుకొచ్చిన కానిస్టేబుల్ డప్పు దరువుకి నాలుగడుగులు వేశాడనుకోండి. సాయంత్రానికల్లా వీడియో అందరి ఫోన్లలో ఉంటుంది, మర్నాడు సంజాయిషీ అడుగుతూ మెమో వస్తుంది. డ్యూటీలో ఉన్నవాడు ఒళ్లు అదుపులో పెట్టుకోవాలన్నది మనకెవరికీ అనుమానం లేని సూత్రం. అయితే ఆ సూత్రం ఎవరి మీద పడుతూ వచ్చిందో, ఎవరిని వదిలేస్తూ వచ్చిందో చూడాలంటే బందరు, గుడివాడ, దివిసీమల కంటే మంచి చోటు లేదు. ఆటకీ అధికారానికీ ఇక్కడ కనీసం మూడు శతాబ్దాల పొత్తు ఉంది. ఆట ముందు నిగ్రహం చూపమని మన సంస్కర్తలు తొలుత అడిగింది కుర్చీలో ఉన్న దొరలను. దొరలు కుదరదన్నారు. అప్పుడా నిగ్రహం నిషేధంగా మారి, ఆడే ఆడవాళ్ల కాళ్లకు చుట్టుకుంది. ఈ వ్యాసం చెప్పదలచింది ఇదే.

అధికారి ఆట చూడటమే తప్పనే మాట మన పాత కథల్లో లేదు. పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలో ఉన్న కూచిపూడికి అగ్రహారం హోదా గోల్కొండ నవాబు తానీషా వల్ల వచ్చిందంటారు. రాజ్యానికి పెద్ద రేవైన బందరుకి పర్యటన మీద వస్తూ, దారిలో భాగవతుల ప్రదర్శన చూసి, మెచ్చి ఊరినే రాసిచ్చాడని సంప్రదాయం చెబుతుంది. అంతకు ముందుదని చెప్పే మరో కథ మాచుపల్లి ఊరి చరిత్ర రాసిన కైఫీయతులో ఉంది. సిద్ధవటం పాలించిన సమ్మెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్లను సైతం చిత్రహింసలు పెడుతున్నాడట. కూచిపూడి భాగవతులు విజయనగరం వెళ్లి, ఆ హింసనే వేషాలు కట్టి వీర నరసింహరాయల ఎదుట ఆడారట. చూసిన రాజు విచారణ జరిపించి గురవరాజుకు శిక్ష వేశాడు. ఇందులో ఎంత చరిత్రో, ఎంత కల్పనో తేల్చడం కష్టమే. కానీ జనం ఏ కథను దాచుకున్నారన్నదీ సాక్ష్యమే. మొదటి కథలో పాలకుడు చూసి మాన్యమిచ్చాడు, రెండో కథలో చూసి న్యాయం చేశాడు. కొలువు మీద ఉండి ఆట చూసినందుకు ఆ ఇద్దరినీ ఎవరూ తప్పుపట్టలేదు. చూశాక ఏం చేశారన్నదే లెక్కలోకొచ్చింది.

నిగ్రహం విషయానికొస్తే, దాని నియమాలు ఆటగాళ్లే తమ మీద పెట్టుకున్నారు. పాత కూచిపూడి మేళంలో ఆడవాళ్లకు చోటు ఉండేది కాదు. సత్యభామైనా గొల్లభామైనా మగవాళ్లే వేషం కట్టేవారు. ఊళ్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం వేసి తీరాలన్నది సిద్ధేంద్ర యోగి పెట్టిన కట్టుబాటుగా చెప్పుకుంటారు. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం చూడండి. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. ముఖం కనపడకముందే పూలతో, బిళ్లలతో అలంకరించిన పొడుగాటి జడ తెర మీంచి ఇవతలికి పడుతుంది. నన్ను మించిన విద్వాంసుడుంటే ముందుకొచ్చి ఈ జడ కోసెయ్యవచ్చునని సభకు విసిరే సవాలది. ఆడే మనిషి పాండిత్యాన్నే పణం పెట్టి రంగం మీదికొస్తున్నాడు. ఎదుట కూర్చున్న దొర పణం పెట్టేది మాత్రం ఏమీ లేదు. సంస్కర్తలు చివరికి వేలుపెట్టింది ఈ అసమానత మీదే.

1890ల నాటికి మేజువాణీ, అంటే భోగం మేళం ఆట, పెద్దింటి పెళ్లికీ, దొరగారి విడిదికీ తప్పనిసరి హంగయింది. బందరులోనే పుట్టి, అక్కడి నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పిన రఘుపతి వెంకటరత్నం నాయుడు దీని మీద ధ్వజమెత్తారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అప్పటికే భోగం మేళాల మీద కలం ఝళిపిస్తున్నారు. 1893లో మద్రాసు సంఘ సంస్కర్తలు వైస్రాయి లాన్స్‌డౌన్‌కూ, మద్రాసు గవర్నరు వెన్‌లాక్‌కూ మహజరు పంపారు. మీ గౌరవార్థం మేజువాణీ పెట్టిన చోటికి రావద్దు, మీరు వస్తే ఆ ఆచారానికి సర్కారు ముద్ర పడుతుంది అన్నది దాని సారాంశం. తాము చూసిన ప్రదర్శనల్లో అసభ్యమేమీ కనపడలేదని జవాబొచ్చింది. అడిగింది కుర్చీ ప్రతిష్ఠ సంగతి, జవాబు దొరికింది అడుగుల సభ్యత గురించి. హోదా మీద వచ్చిన ప్రశ్నను అంత సులువుగా ఆట మీదికి తోసేశారు. అది మళ్లీ కుర్చీ వైపు తిరగనే లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, గట్టిదే. సంస్కర్తల పోరాటం నాట్యం మీద కాదు, చిన్న పిల్లలను భోగం వృత్తికి ఒప్పగించడం మీద. దాన్ని ఆపడం తప్పెలా అవుతుంది? తప్పు కాదు. భోగంవాళ్లని పిలిచే కళావంతుల కులంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం లాంటి వాళ్లు ఈ ఉద్యమంలో ముందు నిలిచారంటే లోపలి బాధ ఎంతటిదో తెలుస్తుంది. అమ్మాయిలను దేవుడికి అంకితమివ్వడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన చట్టాన్ని అందుకే సమర్థించాలి. అయితే అంకితం ఆపడం ఒకటి, ఆట ఆపడం మరొకటి. ఈ తేడాను గురజాడ ముందే పట్టుకున్నాడు. 'కన్యాశుల్కం'లో సౌజన్యారావు పంతులు వేశ్యల మొహం చూడనన్న వ్రతం పట్టిన పెద్దమనిషి. అంతటి మంచివాడి ఎదుటికి మధురవాణి మగవేషంలో రావలసి వచ్చింది. ఆయన నిగ్రహం ఆయన పరువును కాపాడింది, ఆమెకు మాత్రం తలుపు మూసింది.

తలుపు నిజంగానే మూతపడింది. 1956లో ఆ చట్టానికి ఆంధ్రలో సవరణ తెచ్చి, పెళ్లిళ్లలోనూ ఇతర వేడుకల్లోనూ కళావంతుల మేళాలను నేరం చేశారు. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ జరిపిన నృత్య సదస్సులో కూచిపూడికి శాస్త్రీయ నృత్యమన్న గుర్తింపు కోసం బందా కనకలింగేశ్వరరావు వాదించారు. ఆయన పూనికతోనే కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం వెలిసింది. ఆ సవరణకీ ఈ సదస్సుకీ మధ్య రెండేళ్ల ఎడం. భామాకలాపం, గొల్లకలాపం కళావంతుల మేళాలూ ఆడినవే. ఒకరికి అవి కేసు పెట్టించాయి, ఇంకొకరికి పురస్కారం తెచ్చాయి. కూచిపూడిది భక్తి, కళావంతులది భోగం కాబట్టి పోలిక కుదరదని కొందరంటారు. అలాగైతే తేడా ఆటలో కనపడాలి. అదే సత్యభామ, అదే విరహం, అదే లేఖ. మారిందల్లా కట్టేవాళ్ల పుట్టుక.

ఆ కళాక్షేత్రం తర్వాత తెలుగు విశ్వవిద్యాలయంలో కలిసింది. అంటే కూచిపూడిలో నాట్యమే సర్కారు ఉద్యోగం, అక్కడ అడుగు వేయకపోతేనే సంజాయిషీ ఇవ్వాలి. కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళి కూడా, విధులకు ఆటంకం రానంతవరకూ అప్పుడప్పుడూ కళాకార్యాలు చేసుకోవచ్చనే చెబుతుంది. రాతలో కొలబద్ద సరిగ్గానే ఉంది: ఆట వల్ల పని చెడిందా, హోదా పక్కదారి పట్టిందా అని చూడాలి. గుంపు మీద కన్నేసి ఉంచాల్సిన కానిస్టేబుల్ దరువులో పడి కన్ను మరిస్తే అడగవలసిందే. కానీ అదే ఊరేగింపులో వేదిక మీద కూర్చున్న పెద్ద అధికారి రాక ఎవరికి బలమిస్తుందో, ఎవరి ఖర్చు మీద ఆ ఏర్పాట్లు జరిగాయో కూడా అంతే నిక్కచ్చిగా అడగాలి. 1893 మహజరు అడిగిందీ అదే ప్రశ్న. దానికి జవాబు రావలసింది పై కుర్చీ నుంచి. కింది కాళ్లకు మెమో ఇచ్చినంత మాత్రాన జవాబు చెప్పినట్టు కాదు.