శీతాకాలంలో విశాఖ: కడలికి రెండు రోజులు, కొండకు రెండు రోజులు

విశాఖపట్నం: ఉత్తర కోస్తాకు శీతాకాలమే పర్యాటక కాలం. కార్తీక వనభోజనాలతో మొదలయ్యే సందడి సంక్రాంతి సెలవులు ముగిసే వరకూ తగ్గదు. ఒకవైపు సాగరతీరం, మరోవైపు నూటపదిహేను కిలోమీటర్ల దూరాన అరకులోయ. ఈ రెండింటినీ ఒకే పర్యటనలో చూడగలగడమే విశాఖ ప్రత్యేకత. అయితే రెండింటినీ ఒకే రోజులో ముగించాలన్న తొందరే ఈ యాత్రలో ప్రధానమైన పొరపాటు.

డిసెంబరులో విశాఖలో సాయంత్రం ఐదున్నరకే సూర్యాస్తమయమవుతుంది. కొండల నడుమ చీకటి అంతకన్నా ముందే కమ్ముకుంటుంది. ఆ వేళకు అనంతగిరి ఘాట్ రోడ్డుపై ఉన్న వాహనం మలుపులను, మంచును, చీకటిని ఒకేసారి ఎదుర్కోవలసి వస్తుంది. 2021 ఫిబ్రవరిలో అరకు చూసి తిరిగి వస్తున్న హైదరాబాద్ పర్యాటకుల బస్సు రాత్రి వేళ డముకు సమీపంలో లోయలో పడి నలుగురు మరణించారు. అందుచేత యాత్రా ప్రణాళికలో మొదట నిర్ణయించుకోవలసింది ఏం చూడాలన్నది కాదు, ఏ రాత్రి ఎక్కడ బస చేయాలన్నది. నాలుగు రోజులు వీలు చేసుకుంటే రెండు రోజులు నగరానికి, రెండు రోజులు మన్యానికి కేటాయించవచ్చు.

ఎప్పుడు రావాలి?

నవంబరు రెండో పక్షం నుంచి ఫిబ్రవరి మొదటి పక్షం వరకు వాతావరణం అనుకూలం. నగరంలో పగలు 28 డిగ్రీలు, రాత్రి 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత ఉండటం సాధారణం. ఉన్ని దుస్తుల అవసరం నగరంలో అంతగా ఉండదు. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో మాత్రం రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలలోపునకు పడిపోతుంటుంది. స్వెట్టరు, తలకు మఫ్లరు, సాక్సులు తప్పనిసరి. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్న పెద్దలు వెంట ఉంటే మరింత జాగ్రత్త అవసరం.

బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల కాలమన్న సంగతి మరువరాదు. హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసింది 2014 అక్టోబరు 12న. మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటింది 2023 డిసెంబరు 5న. నవంబరు, డిసెంబరు నెలల్లో బయలుదేరేవారు రెండు మూడు రోజుల ముందు నుంచే వాతావరణ శాఖ ప్రకటనలు గమనించాలి.

డిసెంబరు చివరి వారం, సంక్రాంతి రోజులు అత్యంత రద్దీ దినాలు. పండుగతో సంబంధం లేనివారు జనవరి మూడో వారం తర్వాత వస్తే గదులు సులువుగా దొరుకుతాయి, రహదారులూ ఖాళీగా ఉంటాయి.

ఎలా చేరాలి?

రైలు రిజర్వేషన్ల గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు కుదించారు. డిసెంబరు చివరి వారంలో ప్రయాణించదలచినవారు అక్టోబరు చివరి వారంలోనే టికెట్లు తీసుకోవాలి. హైదరాబాద్ నుంచి రాత్రి ప్రయాణానికి గోదావరి ఎక్స్‌ప్రెస్, పగటి ప్రయాణానికి సికింద్రాబాద్ నుంచి 2023 జనవరిలో ప్రారంభమైన వందేభారత్ ఉన్నాయి. బస్సులో వచ్చేవారికి ఆర్టీసీ కాంప్లెక్స్‌గా వ్యవహరించే ద్వారకా బస్‌స్టేషన్ నగరం నడిబొడ్డునే ఉంది.

విమాన ప్రయాణికులు టికెట్టుపై ఉన్న విమానాశ్రయం పేరును ఒకసారి సరిచూసుకోవాలి. నగరంలోనిది నౌకాదళ స్థావరానికి చెందిన విమానాశ్రయం కాగా, అల్లూరి సీతారామరాజు పేరిట 2023లో శంకుస్థాపన జరిగిన కొత్త విమానాశ్రయం విజయనగరం జిల్లా భోగాపురంలోనిది. రెండింటి నుంచి నగరానికి పట్టే సమయంలో చాలా తేడా ఉంటుంది.

మొదటి రోజు: బీచ్ రోడ్డు

విశాఖ తీరం తూర్పు ముఖంగా ఉన్నందున ఇక్కడ సముద్రంపై చూడవలసింది సూర్యోదయం. డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం ఆరు గంటలకల్లా రామకృష్ణా బీచ్ చేరుకుంటే చాలు. తెల్లవారుజామున ఇక్కడ వాహనాలను నిలిపివేసి రహదారిని నడకకు వదులుతారు.

బీచ్ రోడ్డులో ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి ప్రదర్శనశాల ముఖ్యమైనది. సోవియట్ యూనియన్‌లో నిర్మితమైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 31 ఏళ్ల సేవ అనంతరం 2001లో విరమించింది. 2002 ఆగస్టు నుంచి సందర్శకులకు అందుబాటులో ఉంది. దాదాపు 91 మీటర్ల పొడవైన ఈ నౌకలో నావికులు తిరిగే దారి ఎంత ఇరుకో లోపలికి వెళితేనే తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించి లోపలికి వెళ్లడం మేలు. ఎదురుగా టీయూ-142 యుద్ధవిమాన ప్రదర్శనశాల 2017 డిసెంబరులో ప్రారంభమైంది. జలాంతర్గామికి, జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు కనుక మొదటి రోజు సోమవారం కాకుండా చూసుకోవాలి.

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. 1971 యుద్ధంలో కరాచీ రేవుపై జరిపిన దాడికి గుర్తుగా దీనిని జరుపుకుంటారు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రమైన విశాఖలో ఆ రోజుల్లో యుద్ధనౌకల విన్యాసాలు జరిగితే బీచ్ రోడ్డు కిక్కిరిసిపోతుంది. ఇటీవలి సంవత్సరాల్లో ప్రధాన ప్రదర్శనను ఇతర నగరాలకూ మారుస్తున్నందున ముందుగా విచారించుకోవాలి. సాయంత్రం కైలాసగిరి రోప్‌వే, దిగిన తర్వాత తీరం వెంబడి మురీ మిక్చర్ ఎలాగూ ఉన్నాయి.

రెండో రోజు: సింహాచలం నుంచి భీమిలి

ఉదయం సింహాచలం దర్శనం ముగించుకోవడం ఉత్తమం. వరాహలక్ష్మీ నృసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలోనే దర్శనమిస్తారు. నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే. శీతాకాలంలో వచ్చే భక్తులు ఈ విషయం తెలుసుకుని రావాలి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇక్కడికి వచ్చినట్లు ఆలయ శాసనం తెలుపుతోంది.

అక్కడి నుంచి తీరం వైపు మళ్లితే తొట్లకొండ బౌద్ధారామం. నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. నీడ తక్కువ కనుక ఎండెక్కక ముందే చూడాలి. దారిలోని రుషికొండ బీచ్ 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది. రహదారి చివర భీమునిపట్నం ఉంది. 1861లోనే పురపాలక సంఘమైన ఈ పట్టణంలో డచ్చివారి సమాధులు నేటికీ ఉన్నాయి. గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే.

కెరటాలతో చెలగాటం వద్దు

విశాఖ తీరం చూడటానికి ఎంత అందమైనదో స్నానానికి అంత ప్రమాదకరమైనది. చాలాచోట్ల ఒడ్డుకు కొద్ది దూరంలోనే లోతు పెరుగుతుంది. వెనుదిరిగే నీరు సన్నని పాయగా మారి ఎంతటి ఈతగాడినైనా లోపలికి లాక్కుపోగలదు. రామకృష్ణా బీచ్‌లోనూ, యారాడలోనూ యువకులు మునిగిపోయిన సంఘటనలు పలుమార్లు జరిగాయి. ఎర్ర జెండాలు, హెచ్చరిక బోర్డులు ఉన్నచోట పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టుకోవాలి. రక్షక సిబ్బంది లేనిచోట, చీకటిపడ్డాక, మద్యం సేవించి నీటిలోకి దిగరాదు. ఒకవేళ ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీది అలసిపోకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది ఆ పాయ నుంచి బయటపడాలి. ఆపదలో ఉన్నవారిని రక్షించేందుకు ఈత రానివారు దూకడం వల్ల మరణాల సంఖ్య పెరుగుతుందే తప్ప తగ్గదు.

మూడో రోజు: రైలులో అరకు

కొండ ఎక్కడానికి రైలు, దిగడానికి పగటి వేళ రోడ్డు అనువైన మార్గాలు. కిరండూల్ ప్యాసింజరు ఉదయం ఏడు గంటలకు కాస్త ముందే విశాఖ నుంచి బయలుదేరుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేసేందుకు 1960 దశకంలో ఈ మార్గాన్ని నిర్మించారు. శివలింగపురం దాటాక సొరంగాలు, వంతెనలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 2017 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టిన అద్దాల పెట్టెకు గిరాకీ ఎక్కువ. రెండు నెలల ముందే సీటు ఖాయం చేసుకోవాలి, దొరకనివారు సాధారణ పెట్టెలోనైనా అదే దృశ్యాన్ని చూడవచ్చు.

అరకులో గిరిజన ప్రదర్శనశాల, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించేందుకు మొదలైన పద్మాపురం ఉద్యానవనం చూడదగినవి. శీతాకాలం తొలి వారాల్లో వలిసె పూలతో పొలాలు పసుపుపచ్చగా మారతాయి. అవి గిరిజన రైతులు నూనె కోసం పండించే పంట. ఫొటోల కోసం చేలోకి దిగి తొక్కడం వారి కూటిని తొక్కడమే. అడిగి, గట్టు మీద నిలబడి తీసుకోవడం మర్యాద. ఈ రాత్రి బస అరకులోనే. పర్యాటకాభివృద్ధి సంస్థ అతిథి గృహాలను, ప్రైవేటు బసలను ముందే ఖరారు చేసుకోకుంటే సెలవు దినాల్లో గది దొరకడం కష్టం.

నాలుగో రోజు: బొర్రా మీదుగా కిందికి

ఉదయం అల్పాహారం ముగించి మంచు విడిచాక బయలుదేరాలి. గాలికొండ, అనంతగిరి కాఫీ తోటలు చూసుకుంటూ మధ్యాహ్నానికి బొర్రా గుహలు చేరవచ్చు. గోస్తనీ జలాలు సున్నపురాతిని యుగాలుగా కరిగించగా ఏర్పడినవి ఈ గుహలు. రెండో రోజు భీమిలిలో సాగరంలో కలిసిన నదిని నాలుగో రోజు దాని పుట్టింట చూసినట్లవుతుంది. గుహలో మెట్లు తడిగా ఉంటాయి కనుక జారని చెప్పులు ధరించాలి. మూడు గంటలకు మించకుండా బొర్రా విడిచిపెడితే వెలుతురు ఉండగానే ఘాట్ దిగవచ్చు. డ్రైవరుకు ముందురోజు రాత్రి నిద్ర ఉందో లేదో అడిగి తెలుసుకోవడం ప్రయాణికుల బాధ్యత.

లంబసింగి చూడదలచినవారు మరో రోజు కలుపుకోవాలి. చింతపల్లి మండలంలోని ఆ గ్రామానికి నగరం నుంచి నర్సీపట్నం మీదుగా దారి వేరు. మంచు చూడాలంటే తెల్లవారుజామున అక్కడ ఉండాలి. అందుకోసం విశాఖ నుంచి అర్ధరాత్రి బయలుదేరడం కన్నా ముందురోజు పగలే చేరి బస చేయడం క్షేమం. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజన తర్వాత అరకు, బొర్రా, లంబసింగి పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. గదుల కోసం, అత్యవసర సహాయం కోసం విచారించేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఏం తీసుకువెళ్లాలి?

2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ, అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక లక్కబొమ్మలు, మాడుగుల హల్వా ఈ ప్రాంతపు గుర్తులు. మన్యంలో బొంగు చికెన్ రుచి చూడవచ్చు. ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ సంచులు మాత్రం కొండపై, తీరంలో వదలకుండా వెంట తెచ్చుకోవాలి. ఒక చోటు తగ్గించుకున్నా నష్టం లేదు, కొండా కడలీ మరుసటి శీతాకాలానికీ ఉంటాయి. వెళ్లినవారంతా క్షేమంగా ఇల్లు చేరినప్పుడే యాత్ర పూర్తయినట్లు.