ముసరరోగము: ముక్తేశ్వరము మొదలు భోపాలు వరకు

పశువైద్యశాస్త్రమున ‘రిఫరెన్సు లేబరేటరీ’ యను మాట యొకటి కలదు. ఊరి వైద్యుడు అనుమానించిన రోగమును తుదిసారి పరీక్షించి, ఇది ఫలానా రోగమని తీర్పు చెప్పుటకు అధికారము గల ప్రయోగశాల యని దాని యర్థము. పరీక్షలకు వలయు ప్రమాణద్రవ్యములను ఇతర ప్రయోగశాలల కందించుటయు దాని పనియే. మన దేశమున నట్టి సంస్థల చరిత్ర చాలవరకు ముసరరోగ చరిత్రయే.

ముసర ననగా ఇంగ్లీషువారి రిండర్‌పెస్టు. జ్వరము, నోటిపూత, ఆగని పారుడు, కొలది దినములలో మరణము. కాడియెద్దులు రెండును పోయిన యింట ఆ యేడు సేద్యము లేదు. 1868లో ప్రభుత్వము పశువుల మహామారిని గూర్చి విచారణసంఘమును నియమించెను. 1871లో దాని నివేదిక వెలువడెను. అటుపిమ్మట 1889లో పూనాలో ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లేబరేటరీ ఏర్పడినది. ఆల్ఫ్రెడ్ లింగార్డు దాని మొదటి అధికారి. అంటురోగములతో పనిచేయుటకు జనసమ్మర్దము గల నగరము తగదు గనుక 1893లో దానిని కుమావూను కొండలలో సుమారు 7,500 అడుగుల యెత్తున నున్న ముక్తేశ్వరమునకు తరలించిరి. చల్లదనము, ఏకాంతము రెండును అచ్చట లభించెను. 1897లో రాబర్టు కోఖ్ పండితుడు ఆ కొండ యెక్కి వచ్చెను. 1899 నుండి ముసరకు ప్రతిగా సీరము తయారగుచు వచ్చినది. (మన కోళ్లకు వచ్చు కొక్కెర తెగులును రాణిఖేత్ వ్యాధి యందురు, ఆ రాణిఖేత్ ఈ కొండలలోనిదే. మన రాణిపేటతో దానికి సంబంధము లేదు.)

సీరము వలని రక్షణ కొలది దినములు మాత్రమే నిలుచును. 1927లో ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞుడు ముసర వైరసును మేకలలో పలుమారులు పెంచి, పశువునకు రక్షణ నిచ్చు టీకాగా మార్చెను. 1954లో ఆరంభమైన జాతీయ నిర్మూలన ప్రణాళికకు ఈ మేకటీకాయే మొదటి యాయుధము. ఉత్తరదేశమున రోగము వెనుకకు తగ్గెను గాని, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు ప్రాంతములలో మాత్రము మొండిగా నిలిచెను. అనగా తెలుగు రైతు ఇంటనున్నను, పొరుగు రాష్ట్రమున స్థిరపడినను, తుదివరకు దీని బారినుండి తప్పించుకొనలేదు.

ఇచ్చటనే తీర్పు చెప్పు ప్రయోగశాల విలువ తెలియవచ్చును. 1987లో తమిళనాట విల్లుపురము ప్రాంతమున అరసూరు గ్రామపు గొఱ్ఱెలలో ముసర వంటి రోగము పుట్టెను. అదే నోటిపూత, అదే పారుడు. పరీక్షించి చూడగా అది ముసర కాదు, దానికి జ్ఞాతియైన వేఱొక వైరసు; మన రైతులు పారుడువ్యాధి యనునది, శాస్త్రజ్ఞులు పి.పి.ఆర్. అనునది. రెండు వైరసులును ఒకే కుటుంబమునకు చెందినవగుటచే పాతపరీక్షలలో వీని భేదము తేలెడిది కాదు. పేరు తప్పినచో నేమగునో యోచింపుడు: పోయిన ముసర పోలేదని లెక్కలలో చేరును, గొఱ్ఱెలకు కావలసిన టీకా రాదు. మన పల్లెలలో రోగములకు జబ్బవాపు, గురకవ్యాధి, గాలికుంటు అని లక్షణమును బట్టి పెట్టిన చక్కని పేర్లున్నవి. భాషోపాధ్యాయునిగా వానియందు నాకెంతో మక్కువ. అయినను లక్షణ మొక్కటియై రోగము వేఱైనపుడు ఆ పేర్లు చాలవు.

దేశమున ముసర తుదిసారి కనబడినది 1995లో, తమిళనాటనే. అంతటితో పని ముగియలేదు. టీకా వేసిన పశువు రక్తమునందును రోగము సోకిన పశువు రక్తమునందును ఒకే తీరు ప్రతిరక్షకములు కనబడును. కావున రోగము లేదని నిరూపించుటకు ముందు టీకాయే మానవలెను. దశాబ్దముల పాటు కాపాడిన దానిని మానుట సాహసమే. మానిన పిమ్మట పుట్టిన దూడల రక్తమును ఊరూర సేకరించి ప్రయోగశాలలలో పరీక్షించిరి. ఈ శ్రమకు టీకాలకు వచ్చినంత కీర్తి రాలేదు, రావలసియుండెను. 2006లో భారతదేశము, 2011లో ప్రపంచము ముసర నుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను.

ఈ తీర్పరిపని ఇపుడు పెక్కుపాళ్లు భోపాలులోని హై సెక్యూరిటీ ప్రయోగశాలకు చేరినది. లోపలి గాలిపీడనము వెలుపలికంటె తక్కువగా నుంచుట చేత గాలి లోనికే పోవును గాని బయటికి రాదు. వెడలు గాలిని వడగట్టుదురు, మురుగునీటిని కాచి విడుతురు, పనివారు స్నానము చేసి గాని వెలికి రారు. 2006లో మహారాష్ట్రమున నవాపురపు కోళ్లకు వచ్చినది బర్డ్ ఫ్లూ యని నిర్ధారించినది ఈ సంస్థయే. పొలములలో లేని ముసర వైరసును భద్రపఱచుటకు 2025లో అంతర్జాతీయ సంస్థలు గుర్తించిన కొలది స్థానములలో నిదియు నొకటి.